వర్ణం పుట్టుకతోనా, గుణంతోనా? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

గీతాజయంతి సభల తరువాత వర్ణవ్యవస్థ గురించి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. వాటిలో మూడింటిని ఎంచుకుని ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా వీధిలోని రామమందిరంలో జరిగిన ఉపన్యాసంలో, వర్ణం పుట్టుకను బట్టి కాదని, గుణాన్నీ కర్మనూ బట్టేనని భగవంతుడే గీతలో చెప్పాడని వివరించారు. విని సంతోషించాను. ఇంటికి వచ్చాక మా అమ్మాయి, "మరి మనం అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ 'మీరేమిట్లు?' అనే ముందుగా ఎందుకడిగారమ్మా? మన గుణం తెలుసుకోవడానికేనా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. శాస్త్రం నిజంగా ఏం చెబుతోంది?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: అమ్మా, ఉపన్యాసకులు శ్లోకాన్ని తప్పు చెప్పలేదు. 'చాతుర్వర్ణ్యం మయా సృష్టం గుణకర్మవిభాగశః' అన్న నాలుగో అధ్యాయపు వాక్యంలో జన్మ ప్రసక్తి లేదు. చిక్కంతా ఆ ఒక్క పాదాన్నీ విడదీసి చెప్పడంలో ఉంది. అదే గీత పద్దెనిమిదో అధ్యాయంలో 41వ శ్లోకం నుంచి మళ్ళీ ఈ విషయాన్నే ఎత్తుకుని, మనసునూ ఇంద్రియాలనూ అదుపులో పెట్టుకోవడం వంటి శమదమాదులు బ్రాహ్మణునికీ, శౌర్యమూ యుద్ధంలో వెన్ను చూపకపోవడమూ క్షత్రియునికీ, వ్యవసాయం, గోరక్షణ, వాణిజ్యం వైశ్యునికీ, పరిచర్య శూద్రునికీ స్వభావసిద్ధమైన కర్మలని చెబుతుంది. ఆ స్వభావం మనిషికి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. శంకరాచార్యులు తమ భాష్యంలో దీనికి ఇచ్చిన అర్థాల్లో, పూర్వజన్మల్లో చేసుకున్న కర్మల సంస్కారం ఈ జన్మలో ఫలించడానికి సిద్ధమై పైకి కనిపించడమే స్వభావమన్నది ఒకటి. నాలుగో అధ్యాయపు శ్లోకం దగ్గర ఆయనే, సత్త్వం ప్రధానమైతే బ్రాహ్మణుడనీ, రజస్సు ప్రధానమై సత్త్వం దానికి తోడుంటే క్షత్రియుడనీ, రజస్సుకు తమస్సు తోడైతే వైశ్యుడనీ, తమస్సు ప్రధానమై రజస్సు దానికి లోబడి ఉంటే శూద్రుడనీ విభజించి చెప్పారు. అంటే వెనకటి జన్మలోని కర్మ గుణాన్ని నిర్ణయిస్తుంది, ఆ గుణానికి తగిన ఇంట్లో జీవుడు పుడతాడు. ఛాందోగ్యోపనిషత్తు అయిదో అధ్యాయంలో ఈ మాట ఇంకా కటువుగా ఉంది. మంచి నడవడి గలవారు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య గర్భాల్లో పుడతారని, చెడు నడవడి గలవారు కుక్కగానో పందిగానో చండాలుడిగానో పుడతారని అక్కడ చెప్పారు.

కాబట్టి పుట్టుకా, గుణమా అని ఈనాడు మనం వేసుకునే ప్రశ్న ఆ భాష్యకారులకు ప్రశ్నే కాదు. వారి దృష్టిలో పుట్టుకే గుణానికి గుర్తు. గుణకర్మల శ్లోకాన్ని చదివి, దాని వెనుక ఉన్న జన్మాంతర సిద్ధాంతాన్ని చెప్పకుండా వదిలేస్తే సగం మాటే చెప్పినట్టవుతుంది. ఈ సిద్ధాంతం ఊళ్ళో ఎలా పనిచేసిందో చెప్పుకోవాలి. ఒకడికి చదువు దక్కకపోతే, నీళ్ళ చెరువు దగ్గరికి రానివ్వకపోతే, అది ఎవరో చేసిన అన్యాయం కాదని, వాడు వెనక చేసుకున్నదేనని సమాధానపడడానికి మిగతావారికి వీలు కలిగింది. ఏ సాక్ష్యంతోనూ నిరూపించలేని నేరాన్ని పసిబిడ్డ నెత్తిన మోపడం న్యాయం కాదని నేను నమ్ముతాను, ఎంతటి భాష్యకారుడు చెప్పినా సరే.

అయితే ఈ అభ్యంతరం మనకు బయటినుంచి వచ్చింది కాదు. మహాభారతం శాంతిపర్వంలో భృగుమహర్షి నాలుగు వర్ణాలకూ నాలుగు రంగులు చెప్పి విభజిస్తుండగా భరద్వాజుడు అడ్డుపడి, కామం, క్రోధం, భయం, లోభం, శోకం, చింత, ఆకలి, అలసట మనందరినీ ఒక్కలాగే పట్టి పీడిస్తున్నాయి కదా, మరి వర్ణం ఎలా వేరవుతుందని నిలదీస్తాడు. అంతటితో ఆగకుండా చెమట, మూత్రపురీషాలు, కఫం, పిత్తం, రక్తం అందరి శరీరాల నుంచీ కారేవే కదా అని కూడా అంటాడు. వేల ఏళ్ళ నాటి గ్రంథంలో ఇంత సూటిగా అడిగిన ప్రశ్నకు ఈనాటికీ పదును తగ్గలేదు. భృగువు వెనక్కి తగ్గి, వర్ణాలకు భేదం లేదనీ, ఈ జగత్తంతా మొదట బ్రహ్మమయమేననీ, కర్మల వల్లనే వర్ణాలుగా విడిపోయిందనీ బదులిస్తాడు.

అరణ్యపర్వంలో నహుషుని ఘట్టం దీనికంటే ముందుకు వెళ్తుంది. భీముణ్ణి చుట్టి పట్టుకున్న కొండచిలువ శాపగ్రస్తుడైన నహుషుడే. తమ్ముణ్ణి విడిపించుకోవడానికి వచ్చిన ధర్మరాజును బ్రాహ్మణుడెవడని అది అడుగుతుంది. సత్యం, దానం, ఓర్పు, శీలం, దయ, తపస్సు ఎవరిలో కనిపిస్తే అతడే బ్రాహ్మణుడని ధర్మరాజు జవాబు. ఆ లక్షణాలు శూద్రుడిలో కనిపిస్తేనో అని పాము మళ్ళీ మెలికపెడుతుంది. అప్పుడు ఆ శూద్రుడు శూద్రుడు కాడు, అవి లేని బ్రాహ్మణుడు బ్రాహ్మణుడూ కాడని ధర్మరాజు అంటాడు. నడవడే ప్రమాణమైతే జాతికి అర్థమేమిటని నహుషుడు చివరిగా అడిగినప్పుడు వచ్చే సమాధానం ఈ మొత్తం చర్చకు ఆయువుపట్టు. అన్ని వర్ణాలూ కలగలిసిపోయాయి, అందరు పురుషులూ అందరు స్త్రీలతోనూ సంతానం కంటూనే ఉన్నారు, కనుక మనుష్యుల్లో జాతిని పరీక్షించి తేల్చడం దుస్సాధ్యమన్నది ధర్మరాజు అభిప్రాయం. మన ఆంధ్ర మహాభారతం చదివేవారు ఈ భాగాన్ని తొందరపడి దాటేయకుండా నెమ్మదిగా చదవాలని కోరుతున్నాను. తరువాత కొంతసేపటికే, మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుని ముందు కౌశికుడనే బ్రాహ్మణుడు శిష్యుడిలా కూర్చుని ధర్మం నేర్చుకునే కథ కూడా వస్తుంది.

ఇంత చెప్పిన భారతమే ఆచరణ దగ్గరికి వచ్చేసరికి ఏం చేసిందో కూడా చూడాలి. విదురుడికి మించిన నీతిజ్ఞుడు ఆ కథలో లేడు. అయినా ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడు ఆత్మతత్త్వం చెప్పమన్నప్పుడు, తాను శూద్రయోనిలో పుట్టాను కనుక ఇంతకుమించి చెప్పలేనని విదురుడు ఆగిపోయి, సనత్సుజాతుణ్ణి స్మరించి రప్పిస్తాడు. తెలియక ఆగిపోలేదు, తెలిసీ ఆగిపోయాడు. ద్రోణుడు జీవితమంతా ఆయుధం పట్టినా చివరివరకూ బ్రాహ్మణుడిగానే గౌరవం పొందాడు. గుణకర్మలే కొలమానమైతే వీరిద్దరి స్థానాలూ తారుమారు కావలసి ఉండేది.

మీ అమ్మాయికి ఇంకొక్క సంగతి చెప్పండి. ఉపనయనం బ్రాహ్మణ బాలుడికి ఎనిమిదో ఏట, క్షత్రియుడికి పదకొండో ఏట, వైశ్యుడికి పన్నెండో ఏట చేయాలని మనుస్మృతితో పాటు గృహ్యసూత్రాలు కూడా చెబుతున్నాయి. మొదటివాడికి వసంతం, రెండోవాడికి గ్రీష్మం, మూడోవాడికి శరత్తు అని ఋతువులు కూడా వేరుగా పెట్టారు. పిల్లవాడి గుణమేమిటో బయటపడకముందే, వాడు ఏ కర్మా చేపట్టకముందే, ఏ వయసులో ఏ ఋతువులో సంస్కారం చేయాలో వాడి వర్ణమే నిర్ణయించింది. ఆచారంలో వర్ణం పుట్టుకతోనే అనడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు. చదువు పూర్తయ్యాక యువతీయువకులను పరీక్షించి వర్ణం నిర్ణయించాలని 19వ శతాబ్దంలో స్వామి దయానంద సరస్వతి ప్రతిపాదించారు గాని అలా జరిగింది లేదు. యోగ్యతే ప్రమాణమైతే ఈ నాలుగు పేర్లు ఇంకా ఎందుకని 1936లో అంబేద్కర్ అడిగారు. గుణకర్మల శ్లోకాన్ని నిజంగా నమ్మేవారు ముందుగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఇల్లు అద్దెకిచ్చేవారు అడిగిన 'మీరేమిట్లు?' అన్న మాటకు గీతలో ఆధారం వెతకవద్దు. అది మీ గుణం గురించి వేసిన ప్రశ్న కాదని మీ అమ్మాయి సరిగ్గానే కనిపెట్టింది.

ప్రశ్న: పురుషసూక్తంలోని 'పద్భ్యాం శూద్రో అజాయత' అన్నది అవమానమని కొందరు, పాదాలు పూజించదగినవి గనుక అది గౌరవమేనని కొందరు వాదిస్తున్నారు. ఏది సరైనది? అలాగే మన ప్రాంతపు కులాలను ఈ నాలుగింటిలో ఎక్కడ అమర్చాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మాస్టారూ, ముందు సూక్తాన్ని సూక్తంగా చూద్దాం. ఋగ్వేదం పదో మండలంలోని 90వ సూక్తమిది. ఋగ్వేదం మొత్తంలో నాలుగు పేర్లూ ఒకచోట కనిపించేది ఇక్కడే. అక్కడ కూడా 'క్షత్రియ' అని కాక 'రాజన్య' అని ఉంది. పురుషుణ్ణి విభజించినప్పుడు ముఖమేమైంది, బాహువులేమయ్యాయి, తొడలూ పాదాలూ ఏమయ్యాయి అన్న ప్రశ్నకు సమాధానంగా ఆ ఋక్కు వచ్చింది. వెంటనే మనస్సు నుంచి చంద్రుడు, కన్నుల నుంచి సూర్యుడు, నాభి నుంచి అంతరిక్షం, శిరస్సు నుంచి ద్యులోకం, పాదాల నుంచి భూమి పుట్టాయని చెబుతుంది. శూద్రుడు పుట్టిన పాదాల నుంచే మనమందరం నిలబడ్డ నేల కూడా పుట్టిందన్నమాట. సృష్టి అంతా ఒకే దేహమని చెప్పే ఈ సూక్తంలో ఎవరినీ తక్కువ చేయాలన్న ఉద్దేశం నాకు కనిపించదు.

కాని ఆ సూక్తాన్ని తరువాతివారు ఎలా వాడుకున్నారన్నది వేరే సంగతి, అక్కడ గౌరవవాదం నిలవదు. మన తెలుగునాట వైదికుల్లో ఎక్కువమంది అధ్యయనం చేసే తైత్తిరీయ సంహితలోనే, శూద్రుడు పాదాల నుంచి పుట్టాడు గనుక యజ్ఞానికి తగడని ఉంది. మనుస్మృతి మొదటి అధ్యాయం ఇంకా స్పష్టంగా, మనిషి నాభికి పైభాగం మరింత పవిత్రమనీ, అందులోనూ ముఖం అన్నిటికంటే పవిత్రమనీ చెప్పి, దాని మీద బ్రాహ్మణుని ఆధిక్యాన్ని నిలబెట్టింది. పదో అధ్యాయంలో, సంపాదించే శక్తి ఉన్నా శూద్రుడు ధనం కూడబెట్టకూడదని శాసించింది. పాదాలు పూజనీయమని ఈ స్మృతికర్తలు అనుకుని ఉంటే ఈ విధులు పుట్టేవి కావు. అందుచేత సూక్తంలో అవమానం లేదు, స్మృతుల్లో ఉంది అని చెప్పడమే నిజాయితీ అవుతుంది.

మీరు చెప్పిన గౌరవవాదం కొత్తది కాదు, దాన్ని మొదట ఎత్తుకున్నదీ ఇప్పటి ఉపన్యాసకులు కాదు. ఆ వర్ణంలో పుట్టిన మన తెలుగు పాలకులే ఎత్తుకున్నారు. 1368 నాటి సింగయనాయకుని అక్కలపూడి శాసనం, మొదటి మూడు వర్ణాలూ భగవంతుని ముఖం నుంచీ బాహువుల నుంచీ తొడల నుంచీ పుట్టాయని, వాటికి ఆధారంగా నాలుగోది పాదాల నుంచి పుట్టిందని, ముల్లోకాలనూ పావనం చేసే గంగతో కలిసి పుట్టింది కాబట్టి మిగతా మూడింటికంటే ఇదే పవిత్రమని చాటింది. ఒకరు తమను తక్కువ చేయడానికి వాడిన మాటనే తిప్పి తమ కీర్తిగా రాతలో పెట్టించుకున్న ఈ ఆత్మగౌరవం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. మీ ఊరికి పక్కనే ఉన్న కొండవీడు నుంచి రాజ్యం చేసిన రెడ్డిరాజులు కూడా తమ వర్ణాన్ని దాచుకోలేదు. కాకతీయుల శాసనాల్లో కొన్ని వారిని సూర్యవంశీయులని పొగిడితే, కొన్ని చతుర్థకులజులని చెబుతాయి. రాజ్యాలేలినవారు, కోటలు కట్టినవారు, బ్రాహ్మణులకు అగ్రహారాలిచ్చినవారు నాలుగో వర్ణంలో ఉన్నారంటే, పరిచర్యే శూద్రుని కర్మ అన్న నిర్వచనం మన నేల మీద ఎంతవరకు నిజమో మీరే ఊహించవచ్చు.

మీ రెండో ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది. వర్ణాలు నాలుగే, కులాలు వందలు. వర్ణం గ్రంథాల్లోని విభజన, కులం మాత్రం పెళ్ళి దగ్గరా పంక్తి దగ్గరా వృత్తి దగ్గరా కనిపించేది. కులాలన్నీ వర్ణాల కలయిక వల్ల పుట్టాయని మనువు పదో అధ్యాయంలో పెద్ద పట్టిక ఇచ్చాడు గాని, అది అప్పటికే ఊళ్ళలో ఉన్న సమూహాలకు తరువాత కల్పించిన వంశావళి మాత్రమేనని నా అభిప్రాయం. బ్రిటిషు కాలంలో ఏ కులం ఏ వర్ణమో కోర్టులు తేల్చవలసి వచ్చింది, ఎందుకంటే దత్తతకూ వారసత్వానికీ సంబంధించిన హిందూ న్యాయంలో శూద్రులకొక నియమం, ద్విజులకు, అంటే మొదటి మూడు వర్ణాలవారికి, ఒక నియమం ఉండేవి. 1956లో వచ్చిన వారసత్వ, దత్తత చట్టాలతో ఆ భేదం పోయింది. ఈనాడు చట్టానికి కులం కావాలి గాని వర్ణం అక్కర్లేదు. అందుచేత మన కులాలను నాలుగు గళ్ళలో అమర్చే శ్రమ ఎవరూ పడనవసరం లేదు.

వీలుంటే ఒకసారి తుళ్ళూరు దగ్గర మందడం పక్కనున్న మల్కాపురం శాసనస్తంభం చూసి రండి. రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన శాసనమది. విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన మందడం, వెలగపూడి గ్రామాల ఆదాయంతో మఠమూ, విద్యాలయమూ, ప్రసూతిశాలా, ఆరోగ్యశాలా, అన్నసత్రమూ నడపాలని అందులో ఏర్పాటు చేశారు. అన్నసత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరు వచ్చినా అన్నం పెట్టాలన్నారు. అన్నం అందరికీ అన్న ఆ రాయి మీదే, వచ్చినవారిని పై నుంచి కిందికి వర్ణక్రమంలో పేర్కొనడం కూడా ఉంది. మన గతాన్ని పొగిడేవారూ తిట్టేవారూ ఇద్దరూ ఆ రాయిని పూర్తిగా చదవాలి.

ప్రశ్న: వర్ణాలు నాలుగే అయితే 'పంచములు' అన్న మాట ఎక్కడిది? ఏ గ్రంథంలో ఉంది?
– ఒక డిగ్రీ విద్యార్థి, తెనాలి

సమాధానం: బాబూ, మనుస్మృతి పదో అధ్యాయం నాలుగో శ్లోకం బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్యులు ద్విజులనీ, శూద్రుడు నాలుగోవాడనీ చెప్పి, 'నాస్తి తు పంచమః', అయిదోవాడు లేడని తేల్చింది. అదే అధ్యాయం కొంచెం ముందుకు వెళ్ళి, చండాలుర నివాసం ఊరి బయట ఉండాలని విధించింది. అయిదోవాడు లేడన్న పుస్తకమే అతణ్ణి ఊరి బయట నిలబెట్టింది. అంటే లేడన్న మాటకు, నాలుగింటిలోనూ చోటు లేదని అర్థం వచ్చేలా చేశారు. తరువాతి కాలంలో పంచముడన్న పేరు వాడుకలోకి వచ్చింది, మద్రాసు ప్రభుత్వపు దస్తావేజుల్లో కూడా అదే స్థిరపడింది.

దీన్ని మన ప్రాంతం మౌనంగా భరించలేదు. పల్నాటి వీరగాథల్లో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన చాపకూడును కారంపూడి ఉత్సవాల్లో ఈనాటికీ పాటిస్తున్నారు. ఆ గాథలో కన్నమదాసు మాల కులంవాడు, బ్రహ్మనాయుడు కొడుకుగా చూసుకున్న వీరుడు. వినుకొండలో పుట్టిన జాషువా నాలుగు వర్ణాలను నాలుగు పడగల నాగరాజుతో పోల్చిన తీరును నువ్వు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటావు.

నీ ప్రశ్నకు సూటిగా జవాబు దొరికింది మాత్రం బెజవాడలో. 1917 నవంబరులో ఆంధ్రదేశ పంచమ మహాసభ పేరిట అక్కడ సభ ఏర్పాటైంది. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చారు. ఆయన తన ఉపన్యాసంలో, పంచమ అన్న పేరు పురాణాల్లో గాని శాస్త్రాల్లో గాని ఎక్కడా లేదని, ఈ నేలకు మొదటి నివాసులం తామేనని వాదించి సభ పేరునే ఆది ఆంధ్ర మహాజన సభగా మార్పించారు. నువ్వు నన్ను అడిగిన ప్రశ్ననే ఆయన వందేళ్ళ కిందట నిండు సభలో అడిగి, తన జవాబును తానే చెప్పుకున్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ, పరయ అన్న పేర్లకు బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న పేర్లు వాడడానికి అంగీకరించింది. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు కులాల జాబితాలో ఆది ఆంధ్ర అన్న పేరు ఈనాటికీ ఉంది.